తడిచెయ్యి తప్పు కాదు

“తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోకు.” ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళల్లో ఉండదు. నాకు మా అమ్మ చెప్పింది. పెళ్ళయ్యాక మా అత్తయ్య చెప్పారు. నేను మా అమ్మాయికి చెప్పాను. మంచి మాటే, కాదనను. కానీ ఇరవై రెండేళ్ళుగా ఒకే వంటగట్టు ముందు నిలబడి పని చేస్తున్న మనిషిగా నాకొక అనుమానం. వంటింట్లో చెయ్యి పొడిగా ఉండేదెప్పుడు?

బియ్యం కడుగుతాం. పప్పు నానేస్తాం. కొత్తిమీర కడిగి, కొబ్బరి చిప్ప కడిగి, చట్నీ జారు కడిగి మిక్సీ మీద పెడతాం. మధ్యలో పాలు పొంగితే గుడ్డ తడిపి గట్టు తుడుస్తాం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా చెయ్యి ఆరే వ్యవధి లేదు. ఆ మూడు గంటల్లోనే మిక్సీ ప్లగ్గు పెట్టాలి, తీసి రైస్ కుక్కర్‌ది పెట్టాలి, అది తీసి కెటిల్‌ది పెట్టాలి. గట్టు మీద సాకెట్లు రెండే కదా, అవి కూడా సింకు పక్కనే ఉంటాయి. ఇల్లు కట్టించిన వాళ్ళు మనల్ని అడిగి పెట్టించలేదు.

ఇంట్లో మిగతా వస్తువులు చూడండి. ఫ్రిజ్ కొన్నరోజు ప్లగ్గు పెడితే మళ్ళీ ఇల్లు మారేటప్పుడే తీస్తాం. టీవీ అంతే. రోజుకు పదిసార్లు పెట్టి తీసే ప్లగ్గులు వంటింటివి, ఇస్త్రీపెట్టెవి, నీళ్ళు కాచుకునే రాడ్డువి. అంటే దేశంలో ప్లగ్గును అందరికన్నా ఎక్కువగా వాడేది తడిచేతుల వాళ్ళు. మరి ఆ ప్లగ్గును పొడిచేతుల వాళ్ళ కోసం ఎందుకు చేశారు? నా గొడవంతా ఇదే.

ఒక్కసారి లేచి స్విచ్చి కట్టేసి మీ మిక్సీ ప్లగ్గు బయటికి తీసి చూడండి. మూడు ఇత్తడి పిన్నులుంటాయి. పైనున్న లావుపాటిది, పొడుగుపాటిది ఎర్త్. కింద ఉన్న రెండు సన్నటి వాటిల్లో ఒకటి ఫేజ్, ఇంకొకటి న్యూట్రల్. ఆ రెండూ మొదలు నుంచి కొస దాకా మెరుస్తూ ఉన్నాయా? అంటే మొత్తం బోసి లోహమే. ఇప్పుడు సెల్‌ఫోన్ చార్జరు తీసి చూడండి. చాలా చార్జర్లకు పిన్నుల మొదట్లో సగం దాకా నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, కొస మాత్రమే మెరుస్తుంది. అది అందం కోసం పెట్టింది కాదు.

ప్లగ్గు సాకెట్లోకి వెళ్ళేటప్పుడు పిన్ను కొస లోపలున్న ఇత్తడి పట్టుకు తగలగానే ఆ పిన్ను మొత్తానికీ కరెంటు వస్తుంది, అప్పటికింకా సాకెట్ బయటే ఉన్న భాగానికి కూడా. తీసేటప్పుడూ అంతే, కొస పట్టు వదిలేదాకా బయటికొచ్చిన భాగంలో 230 వోల్టులు ఉంటాయి. ప్లగ్గుకీ పలకకీ మధ్య కనిపించే ఆ అరసెంటీమీటరు సందు ఉంది చూశారా, మన వేళ్ళు పడేది సరిగ్గా అక్కడే. ప్లగ్గు బిగుసుకుపోతే మనం ఏం చేస్తాం? బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఒక పక్క పెట్టి అటూ ఇటూ కదిపి లాగుతాం. ప్లగ్గు చూస్తే నున్నగా ఉండి పట్టు దొరకదు. పైగా తడి. అది కాస్త బయటికి రాగానే వేళ్ళు జారి వెనక సందులోకి వెళతాయి.

పిన్ను మొదట్లో తొడుగు ఉంటే ఈ కథ జరగదు. కొసకి కరెంటు అందేసరికి బయట ఉన్న భాగమంతా తొడుగు కిందే ఉంటుంది. తొడుగు దాటి ఇత్తడి బయటపడేసరికి కొస పట్టు వదిలేసి ఉంటుంది. సగం పెట్టినా, వంకరగా పెట్టినా, పిల్లవాడు వైరు పట్టుకుని లాగినా, మన వేలికి తగిలేది ప్లాస్టికే. ఇందులో చిప్పుల్లేవు, సెన్సర్లు లేవు. రెండు పిన్నులకు కలిపి బఠాణీ గింజంత ప్లాస్టిక్.

వేళ్ళ సంగతి అలా ఉంచండి. మన చేతికి గాజులుంటాయి. బంగారు గాజు వదులుగా ఉంటే మణికట్టు దాటి ముందుకు జారుతుంది. గట్టు మీద స్టీలు గరిటె ఒరిగి ఉంటుంది. వంగి ప్లగ్గు పెడుతుంటే మెడలో గొలుసు వేలాడుతుంది. సగం బయటికున్న రెండు పిన్నుల మీద ఇలాంటిది ఏది అడ్డంగా పడినా నిప్పురవ్వలే. ప్లగ్గు నమూనా గీసినాయన చేతికి గాజులు ఉండి ఉండవు.

మా వీధిలో రెండిళ్ళల్లో పనిచేసే అమ్మాయికి నిరుడు జరిగింది చెబుతాను. గ్రైండరు కడిగి, పక్కకు జరపడానికని ప్లగ్గు లాగింది. స్విచ్చి వేసే ఉంది. బొటనవేలు ఒక పిన్నుకు, చూపుడువేలు ఒక పిన్నుకు తగిలాయి. అదృష్టం, చెయ్యి విసురుగా వెనక్కి వచ్చేసింది. వేళ్ళకి చెరో మచ్చ, తెల్లగా ఉడికినట్టు. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల నేల మీద కూర్చుని వణుకుతోంది. ఇంటావిడ మొదటగా అన్న మాట ఏమిటో తెలుసా? “తడిచేత్తో ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానే!” ఆవిడ చెడ్డది కాదు. భయంతో అన్నది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ, పది రోజులు పనిలోకి రాకపోయినా జీతం కోయనిదీ ఆవిడే. రెండో ఇంటివాళ్ళు మాత్రం కోశారు. అయినా నోట మొదట వచ్చిన మాట మాత్రం నిందే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత ఊరికే పుట్టలేదు. దెబ్బ తిన్నది ఎవరో, తప్పు వాళ్ళదే. ప్లగ్గును మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. అది గ్రైండరుకి అలాగే ఉంది, మర్నాడు దాంతోనే పిండి రుబ్బారు.

తెలుగు చదువుకున్నదాన్ని, నా మనసు వ్యాకరణం మీదికి పోతుంది. “కరెంటు కొట్టింది” అంటాం కదా. అందులో కర్త కరెంటు. కొట్టించుకున్న మనిషి కర్మ. కానీ తర్వాత మాట్లాడే ప్రతి వాక్యంలో కర్త మారిపోతుంది. “అది తడిచేత్తో ముట్టుకుంది.” “అది చూసుకోలేదు.” “అది స్విచ్చి కట్టలేదు.” ప్లగ్గు చేసినవాడు, దాన్ని పాసు చేసినవాడు, మిక్సీకి తగిలించి అమ్మినవాడు ఏ వాక్యంలోనూ కర్తగా రారు. వాళ్ళు అధ్యాహారం. మనకు మిగిలింది కర్మ, రెండర్థాల్లోనూ.

మా మరిది ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఈ విషయం ఎత్తినప్పుడల్లా నాతో వాదన. “స్విచ్చి కట్టేసి తియ్యాలి వదినా, అంతే కదా. మన సాకెట్లకి స్విచ్చిలున్నాయి, చాలా దేశాల్లో అవి కూడా లేవు” అంటాడు. నిజమే, ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో నాలుగు సాకెట్లకి కలిపి ఒకటే ఉంటుంది. ఫ్రిజ్ వెనక ఉన్న బోర్డు చేతికందదు. అన్నిటికన్నా ఘోరం, వైరింగు చేసిన కుర్రవాడు తొందరలో స్విచ్చిని ఫేజుకి బదులు న్యూట్రల్‌కి కలిపాడనుకోండి, స్విచ్చి కట్టేసినా ఫేజు పిన్నులో కరెంటు అలాగే ఉంటుంది. మిక్సీ తిరగదు కాబట్టి ఆగిపోయిందనుకుంటాం. ఇది జరుగుతుందా జరగదా అని మా మరిదినే అడిగాను. “జరుగుతుంది” అన్నాడు పాపం, అబద్ధమాడడు.

ఇంకో వాదన ఎంసీబీ ఉంది కదా అని. చాలామంది ఇదే నమ్మకంతో నిశ్చింతగా ఉంటారు. ఎంసీబీ మన కోసం పెట్టింది కాదు, వైర్ల కోసం పెట్టింది. వైరు కాలిపోకుండా ఆపుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణానికి 30 మిల్లీ ఆంపియర్లు దాటితేనే గండం. తడిసిన చర్మం అడ్డు వెయ్యి ఓములకు దిగిపోతే 230 వోల్టులకి వచ్చేది 230 మిల్లీ ఆంపియర్లు. అంటే మనిషి పోయేంత కరెంటు వెళుతున్నా ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఆర్‌సీసీబీ వేరు. అది మనుషుల కోసమే. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకుంటే, మన ఒంట్లోంచి నేలలోకి అంత కారగానే టక్కున పడిపోతుంది. ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. మీ ఇంట్లో లేకపోతే ఈ నెల చీర మానేసి అది పెట్టించుకోండి. కానీ ఆ అమ్మాయికి షాక్ కొట్టిన ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది, పడలేదు. ఎందుకు పడలేదని మా మరిదిని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పాడు. కరెంటు ఫేజు పిన్నులోంచి ఒక వేలికెక్కి రెండో వేల్లోంచి న్యూట్రల్‌కి దిగిపోయింది. నేలలోకి ఏమీ కారలేదు. వెళ్ళిందీ వచ్చిందీ లెక్క సరిపోయింది. ఆర్‌సీసీబీ కళ్ళకి ఆ అమ్మాయి వేళ్ళు ఒక చిన్న బల్బు లాంటివి. గుండె దారిలో లేదు కాబట్టి బతికింది. మనం తలమీద పెట్టుకునే ఇంత ఖరీదైన రక్షణ కూడా రెండు బోసి పిన్నుల మధ్య పడ్డ చేతిని కాపాడలేదు. అక్కడ కాపాడగలిగింది ఆ బఠాణీ గింజంత ప్లాస్టికే. ఈ మాటకి మా మరిది దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

“అమెరికాలో కూడా బోసి పిన్నులే వదినా” అన్నాడు చివరికి. ఉండనీ. అక్కడ ఇళ్ళల్లో సాకెట్‌కి వచ్చేది 120 వోల్టులు, మనకి 230. పక్కింటివాడికి గోడ లేదని మన గోడ పడగొట్టుకుంటామా?

పోల్చుకోవాలంటే మనకి ప్లగ్గు ఇచ్చిన వాళ్ళతో పోల్చుకోవాలి. ఈ గుండ్రటి పిన్నుల త్రీపిన్ను మనది కాదు, బ్రిటన్‌ది. వాళ్ళ 1934 నాటి ప్రమాణంలోని 5 ఆంపియర్లది, 15 ఆంపియర్లది మన దగ్గర కొద్ది మార్పులతో 6, 16 అయి ఉండిపోయాయి. వాళ్ళు మాత్రం దాన్ని వదిలేసి 1947లో కొత్త ప్లగ్గు తెచ్చుకున్నారు, ఆ చదరపు పిన్నులది. దాని వెనక ఒక ఆడమనిషి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే, 1942లో, యుద్ధమయ్యాక కట్టబోయే ఇళ్ళల్లో కరెంటు ఏర్పాట్లు ఎలా ఉండాలో తేల్చడానికి అక్కడి ఇంజనీర్ల సంస్థ ఇరవైమందితో కమిటీ వేసింది. అందులో ఒకే ఒక్క స్త్రీ, కారొలైన్ హాస్లెట్. అప్పటికే ఆమె ఎలక్ట్రికల్ అసోసియేషన్ ఫర్ విమెన్ అనే సంఘాన్ని 1924 నుంచి నడుపుతున్నారు. గృహిణులకు కరెంటు గురించి అర్థమయ్యేలా చెప్పడం, గృహిణుల అవసరాలేమిటో ఇంజనీర్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆ సంఘం పని. రెండోది మొదటిదానికన్నా కష్టమై ఉంటుందని నా ఊహ. పిల్లలున్న ఇంట్లో సాకెట్ ఎలా ఉండాలన్నది ఆమె పట్టుబట్టిన విషయం. కొత్త సాకెట్లో ఫేజు, న్యూట్రల్ కన్నాలకు మూతలు వచ్చాయి. ఎర్త్ పిన్ను ముందు లోపలికి వెళితేనే అవి తెరుచుకుంటాయి. పిల్లవాడు మేకు పెట్టి పొడిచినా లోపలికి పోదు.

అంత చేసీ వాళ్ళు ఆగలేదు. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత, 1984లో, ఫేజు, న్యూట్రల్ పిన్నులకు ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి చేశారు. మంచి ప్లగ్గునే ఇంకా మంచిది చేశారన్నమాట. ఆ ప్లగ్గు మా ఆడపడుచు లండన్ నుంచి వచ్చినప్పుడు చేత్తో పట్టుకుని చూశాను. పిన్నులు అంచుకు దూరంగా బాగా లోపలికి ఉన్నాయి, వేలు చాచినా అందవు. వైరు కిందినుంచి వస్తుంది కాబట్టి వైరు పట్టుకుని లాగుదామన్నా కుదరదు. బరువుగా, మొరటుగా ఉంది, అందం లేదు. చూసినకొద్దీ ముచ్చటేసింది. ఎవరో మన చేతుల్ని గమనించి చేసినట్టుంది. ఆస్ట్రేలియాలో కూడా 2005 నుంచి కొత్త ప్లగ్గులకు తొడుగు ఉండాల్సిందే. జర్మనీవాళ్ళది ఇంకో దారి. సాకెట్టే గిన్నెలా లోపలికి గుంటగా ఉంటుంది. పిన్నుకి కరెంటు అందేసరికి ప్లగ్గు ఒళ్ళంతా గుంటలోకి దిగిపోయి వేలుకి సందే ఉండదు.

ఇప్పుడు ఒళ్ళు మండే సంగతి. మన దేశంలో తయారైన మిక్సీ బ్రిటన్‌లో అమ్మాలంటే దానికి ఆ తొడుగుల ప్లగ్గు బిగించే పంపాలి. లేకపోతే అక్కడి చట్టం అమ్మనివ్వదు. అదే మోటారు, అదే జారు, అదే కార్మికుల చేతులు. లండన్‌లో ఉన్న మా ఆడపడుచు వేలికి తొడుగు, ఇక్కడున్న నా వేలికి బోసి ఇత్తడి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. చేతకాక చేయలేదనడానికి లేదు. చేయమని గట్టిగా అడిగినవాళ్ళు లేక చేయలేదు.

ఖర్చు పెరుగుతుందంటారు. ఎంత పెరుగుతుంది? మిక్సీ రంగు మార్చడానికి, దాని మీద పూలు వేయడానికి, అట్టపెట్టె మీద సినిమా తార బొమ్మ అచ్చు వేయడానికి డబ్బుంది. సెల్‌ఫోన్ చార్జరుకి వేయగలిగిన తొడుగు గ్రైండరుకి వేయలేరా?

ఒక్క అభ్యంతరాన్ని మాత్రం నేను గౌరవిస్తాను. వేడి. మన సాకెట్లు చాలావాటికి కన్నాలు రెండు సైజుల పిన్నులకూ సరిపడేలా ఉంటాయి. చిన్న ప్లగ్గు అందులో వదులుగా నిలబడుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. వేడికి నాసి ప్లాస్టిక్ మెత్తబడి, కరిగి లోపల అంటుకుంటుంది. నిజమే. దానికి జవాబు తొడుగు మానేయడం కాదు, మంచి తొడుగు వేయడం, మంచి సాకెట్ పెట్టడం. తొడుగుల ప్లగ్గులు వాడే దేశాల్లో ఆ తొడుగుకి వేడికి ఒక పరీక్ష, చలికి ఒకటి, తేమకి ఒకటి, మళ్ళీ మళ్ళీ పెట్టి తీసే రాపిడికి ఒకటి ఉన్నాయి. పరీక్ష పాసైతేనే అమ్మకం. పరీక్ష కష్టమని పిల్లవాణ్ణి బడే మాన్పిస్తామా?

ఇక్కడ మీకు ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి ఎవరో ఒకరు సాయంత్రానికల్లా నల్లటేపు తీస్తారని నాకు తెలుసు. పిన్నులకు టేపు చుట్టకండి. సన్నటి గొట్టం తొడగకండి. ఫ్యాక్టరీలో చేసే ప్లగ్గుకి తొడుగు వచ్చే చోట పిన్నును సన్నగా చేస్తారు, తొడుగు పోశాక పిన్ను మొత్తం ఒకే మందంలో ఉంటుంది. మనం టేపు చుడితే అక్కడ లావెక్కుతుంది. సాకెట్లో పట్టు సాగిపోయి వదులవుతుంది, వదులైతే వేడి, వేడికి టేపు జిగురు కరిగి లోపల గడ్డకడుతుంది. షాక్ తప్పించబోయి నిప్పు తెచ్చుకున్నట్టే.

ఇంకొకటి. కొట్లో మూడు పిన్నులకీ తొడుగున్న ప్లగ్గు చూపించి “ఇది ఇంకా సేఫ్టీ అమ్మా” అంటే కొనకండి. ఎర్త్ పిన్నుకి తొడుగు ఉండకూడదు. దాంట్లో మామూలుగా కరెంటు ఉండదు కాబట్టి దాన్ని కప్పాల్సిన పని లేదు. పైగా అది ఎంతసేపు వీలైతే అంతసేపు లోపలి లోహాన్ని తాకుతూ ఉండాలి, అందుకే దాన్ని పొడుగ్గా చేసి అందరికన్నా ముందు తగిలేలా, చివర వదిలేలా పెట్టారు. దానికి తొడుగు వేస్తే ఎర్త్ అందకపోవచ్చు. మిక్సీ ఒంటికి కరెంటు దిగిన రోజున మనల్ని కాపాడేది అదే. తొడుగు ఎందుకో తెలియకుండా తొడుగు బొమ్మను మాత్రం కాపీ కొట్టిన వాళ్ళ సరుకు అది.

దేశంలో కరెంటు తగిలి ఏటా పదివేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల నివేదికలు చూపిస్తున్నాయి. అందులో తెగిపడ్డ తీగలున్నాయి, పొలాల్లో మోటార్లున్నాయి, స్తంభాలెక్కిన లైన్‌మెన్లున్నారు. అన్నీ ప్లగ్గుల వల్లే అని నేను అనను. కానీ తెగిన తీగను నేను ఆపలేను. చనిపోకుండా వేళ్ళు కాల్చుకున్నవాళ్ళు, గుండె దడతో కూర్చుండిపోయినవాళ్ళు ఏ నివేదికలోకీ ఎక్కరు. మీ ఇంట్లో మీకు ఎన్నిసార్లు కొట్టిందో మీ వారికి చెప్పారా? నేనూ చెప్పలేదు. “ఏదో చిన్నగా జివ్వుమంది” అని చెయ్యి దులుపుకుని పోపు వేశాం.

మరి ఏం చెయ్యాలంటారా? ప్రమాణాల పుస్తకంలో ఏ పేజీలో ఏముందో పెద్దలు చూసుకుంటారు. నేను చూసేది కొట్లో గాజుబల్ల మీద ఏముందో, నేను కొన్న మిక్సీ తోకకి ఏముందో. అక్కడ ఫేజు, న్యూట్రల్ పిన్నులకు తొడుగు లేని ప్లగ్గు కనిపించకూడదు. పెద్ద ప్లగ్గుకీ చిన్న ప్లగ్గుకీ, వస్తువుతో వచ్చేదానికీ విడిగా అమ్మేదానికీ, అన్నిటికీ ఇదే. తొడుగుతో పాటు పట్టుకోవడానికి వేలు దూరేంత ఉంగరమో, గరుకు అంచో పెడితే మా అత్తయ్య లాంటివాళ్ళు దండం పెడతారు. డెబ్భై నాలుగేళ్ళు, వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి. ప్లగ్గు తీయడానికి ఆవిడ పడే అవస్థ చూస్తే, ఈ వస్తువును ముసలివాళ్ళ చేతికిచ్చి ఒక్కసారైనా చూడలేదా అనిపిస్తుంది.

అంతదాకా మనం కొనేవాళ్ళం కదా, అడగడం మన చేతిలో ఉంది. మిక్సీ కొనేటప్పుడు ఎన్ని వాట్లు, ఎన్ని జార్లు, ఎన్నేళ్ళ వారంటీ అని అడుగుతాం. ప్లగ్గు చూపించమని అడగండి. చిన్న పిన్నులు రెండింటికీ మొదట్లో తొడుగుందా, పెద్దది బోసిగా ఉందా, ఐఎస్‌ఐ గుర్తు ఉందా చూడండి. ప్లగ్గు మీద ఆ గుర్తు పైన ఐఎస్ 1293 అని, కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో చెబుతుంది. లేకపోతే దొంగ ముద్రే.

పోయిన నెల నేను మా బజార్లో ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్ళి తొడుగుల ప్లగ్గు కావాలన్నాను. “అట్టాంటియ్యి ఎవరూ అడగరమ్మా” అన్నాడు కొట్టాయన. నేను అడుగుతున్నాగా అన్నాను. లోపలికి వెళ్ళి అట్టపెట్టెలన్నీ వెతికి రెండు పట్టుకొచ్చాడు, ఆరు ఆంపియర్లవి, ముద్ర సరిగ్గానే ఉంది. ఉన్నాయన్నమాట, అడుగున పడి ఉన్నాయి. మా ఎలక్ట్రీషియన్ వచ్చి మిక్సీకి ఒకటి, అత్తయ్య గదిలో టేబుల్ ఫ్యానుకి ఒకటి మార్చాడు. కొత్త వైర్లలో గోధుమరంగుది ఫేజు, నీలంది న్యూట్రల్, పచ్చ పసుపు చారలది ఎర్త్. అతను బిగిస్తుంటే పక్కన నిలబడి చూశాను, మీరూ నిలబడండి, ఏమీ అనుకోరు. వారంటీ ఉన్న వస్తువుకైతే ప్లగ్గు కొయ్యడానికి ముందు కంపెనీవాళ్ళని అడగాలి.

పదహారు ఆంపియర్ల పెద్ద ప్లగ్గు మాత్రం ఇంకా దొరకలేదు. గీజరుకీ, గ్రైండరుకీ కావాలి. గ్రైండరు ప్లగ్గు ఒకటి ఆ అమ్మాయి పనిచేసే ఇంటికి కూడా చెప్పి ఉంచాను. వచ్చే వారం సరుకు తెప్పిస్తానన్నాడు. రెండు వారాలయింది. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను, ఇప్పుడు నన్ను చూడగానే “రాలేదమ్మా” అంటున్నాడు. పోనీ, నాతో పాటు మీరో పదిమంది మీ మీ బజార్లలో అడిగి చూడండి, ఏమంటారో కింద రాయండి.